పండుగ వెళ్లిపోయాక బుసాన్

దక్షిణ కొరియాలో సియోల్ నుంచి బుసాన్‌కి కేటీఎక్స్ అనే హైస్పీడ్ రైలు టికెట్ 59,800 వోన్లు, మన లెక్కలో మూడున్నర వేలకి పైమాటే. అంత పోసి దిగాక, అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న మా చిన్నాన్న కొడుకు తాపీగా చెప్పాడు: "సినిమా పండుగ అయిపోయి పది రోజులైంది అన్నా." లీవు దొరికిన తేదీలకే టికెట్లు తీసుకున్నాను, తప్పు నాదే. అయినా సాయంత్రం దాకా వాడి మీదే మూతి ముడుచుకు తిరిగాను.

జగల్చి స్టేషన్లో దిగితే ఓ పక్క చేపల మార్కెట్. వాసన అచ్చం మా విశాఖ ఫిషింగ్ హార్బరే. రోడ్డు దాటితే బిఫ్ స్క్వేర్. బిఫ్ అంటే బుసాన్ అంతర్జాతీయ సినిమా పండుగ. ఆసియా సినిమాకి పెద్దదిక్కైన పండుగ 1996 సెప్టెంబరులో ఈ నాంపోడాంగ్ థియేటర్లలోనే మొదలైంది. 31 దేశాల సినిమాలు 173, చూసినవాళ్లు లక్షా ఎనభై వేల పైచిలుకు. రాజధాని కూడా కాదు, రేవు పట్నం!

నేల మీద పెద్దవాళ్ల అరచేతుల అచ్చులు పోసిన పలకలున్నాయి. జపాన్ దర్శకుడు తకేషి కిటానో అచ్చులో నా చెయ్యి పెట్టి చూసుకుందామని గొంతుక్కూర్చున్నాను. జనం నన్ను చుట్టుకుని పోతున్నారు, ఒక్కరూ విసుక్కోలేదు.

పక్కనే హోత్తోక్ బండి, ముందు బారెడు క్యూ. నూనెలో ఈదే బొబ్బట్టు అనుకోండి. వేగాక కత్తెరతో పొట్ట చీల్చి, గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు కూరి, పేపర్ కప్పులో పెట్టిస్తారు. ఒక్కోటి 2,000 వోన్లు. నూట ఇరవై రూపాయలకి ఒక్క బొబ్బట్టా అని గొణుగుతూనే రెండు తిన్నాను. లోపలి పాకం నాలుక కాల్చేసింది.

ఆ క్యూలోనే మావాడు 2014 గొడవ చెప్పుకొచ్చాడు. ఆ ఏప్రిల్‌లో సెవోల్ ఓడ మునిగి మూడు వందల మందికి పైగా పోయారు. రక్షణ చర్యలు ఎలా సాగాయో చూపే డాక్యుమెంటరీ పండుగకి వచ్చింది. వెయ్యొద్దన్నాడు మేయరు. పండుగ కమిటీకి అధ్యక్షుడూ ఆయనే! అయినా వేశారు. మరుసటేడు ప్రభుత్వ సాయం దాదాపు సగానికి కోసేశారు. 2016లో కొరియా సినిమా సంఘాలు పండుగ స్వేచ్ఛ కోసమే ఆ పండుగ బహిష్కరణకి దిగాయి. పండుగ మాత్రం ఏ ఏడూ ఆగలేదు. హైదరాబాద్‌లో రెండేళ్లకోసారి జరిగే పిల్లల సినిమా పండుగ గుర్తొచ్చింది. బడి బస్సులో తీసుకెళ్లేవారు. అది 2017తో ఆగింది, అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు పండుగ మకాం బుసాన్‌లోనే ఇంకో పేట, సెంటమ్ సిటీలో. 2011లో కట్టిన సినిమా సెంటర్ కప్పు, ఒక్క స్తంభం మీద నుంచి 85 మీటర్లు గాల్లోకి చాచి ఉంటుంది. గొప్పగానే ఉంది గానీ చేపల వాసన లేదు.

లోపల ఏదో పాత కొరియన్ సినిమా ఆడుతుంటే టికెట్ కొన్నాం. సబ్‌టైటిల్స్ లేవు. పక్క సీట్లో పెద్దాయన నవ్వినప్పుడల్లా నేనూ నవ్వాను. చివర్లో ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఎవరు పోయారో నాకు అర్థం కాలేదు. మావాణ్ణి అడుగుదామంటే, వాడు గురక పెడుతున్నాడు.