ఉప్పు నక్షత్రాలకు చెమటలు: మూడో విడత

మూడోసారీ అంతే. పొద్దున్నే హాల్లోకి వచ్చి చూస్తే, క్రిస్మస్ చెట్టుకు కట్టిన పన్నెండు ఉప్పు పిండి (మైదా, ఉప్పు కలిపిన ముద్ద) నక్షత్రాల్లో తొమ్మిదింటి కింది మొనకు నీటిబొట్టు వేలాడుతోంది. కింద టైల్స్ మీద తెల్లటి ఉప్పు మరకలు. మా చిన్నోడు ఒకదాన్ని పట్టుకుని "అమ్మా, స్టార్ ఏడుస్తోంది" అన్నాడు. వాడికి నాలుగేళ్లు, వాడలా అంటే ముద్దుగానే ఉంది. మూడు విడతల మైదా, రెండు కిలోల ఉప్పు, ఆరు గంటల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కరెంటు మాత్రం నావి.

మిగతావి కుదిరాయి, గబగబా చెప్పేస్తాను. క్రిస్మస్‌కి రోజులు లెక్కపెట్టే 24 ఉంగరాల కాగితపు గొలుసు రోజుకొకటి చొప్పున తెగుతోంది (పాప ఓ రోజు ఆశపడి రెండు చింపింది, స్టేప్లర్ కొట్టి కలిపాం). ఐస్ పుల్లల స్టార్లు, వేలిముద్రల రెయిన్‌డీర్ కార్డులు సూపర్. బాలయేసు పుట్టిన పశువుల పాక బొమ్మ ముందు పచ్చికకని కొబ్బరి పొట్టులో రాగులు చల్లి చూస్తే వారానికి నాలుగు వేళ్ళెత్తు వచ్చింది. కాబట్టి అసలుది 16న చల్లితే 24కి సరిపోతుంది.

ఇక ఉప్పు పిండి. పాళ్ళు అందరికీ తెలిసినవే: రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, ముప్పావు కప్పు నీళ్ళు.

మొదటి విడత, నవంబర్ 29. మందం 8 మి.మీ. ఉప్పు అయిపోతే ఇంట్లో ఉన్న కల్లుప్పునే మిక్సీలో తిప్పి వేశాను. ఎండలో ఆరబెడదామని మేడ మీద పెట్టా. మద్రాసు పెరంబూరులో నవంబర్ చివర ఎండ కోసం ఎదురుచూడటం నా తెలివి. రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజుకి పైన పొక్కు కట్టింది, లోపల పచ్చి పిండి అలాగే ఉంది. పారేశాను. పారేసేటప్పుడు కవరు గట్టిగా ముడేసి వేయండి, అంత ఉప్పు వీధి కుక్కల కడుపులోకి వెళితే చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది.

రెండో విడత, డిసెంబర్ 4. మందం 5 మి.మీ., ఓటీజీలో 100 డిగ్రీలు, మూడు గంటలు. సగం నక్షత్రాలు పూరీల్లా పొంగాయి. అనుమానమొచ్చి ఓవెన్ థర్మామీటర్ లోపల పెట్టి చూస్తే, 100 దగ్గర తిప్పిన బటన్ 130 ఇస్తోంది! కింది రాడ్‌కి దగ్గరగా ఉన్నవే ఎక్కువ పొంగాయి. కంపెనీ పేరు ఎందుకులెండి. నాకైతే మధ్య అరలో రెండు ట్రేలు ఒకదాని మీద ఒకటి పెట్టి, తలుపు సందులో చెక్క గరిటె ఇరికిస్తే 95 దగ్గర నిలబడింది. పిల్లలు మాత్రం ఆ చుట్టుపక్కలకి రాకూడదు.

మూడో విడత, డిసెంబర్ 9. ఈసారి పంతం పట్టి తూకం కూడా వేశాను. మందం 4 మి.మీ., ప్యాకెట్ ఉప్పు, 95 డిగ్రీలు, మూడు గంటలు, మధ్యలో ఒకసారి తిరగేశా. పన్నెండు నక్షత్రాలు కలిపి పచ్చివి 312 గ్రాములు. ఓవెన్ నుంచి తీసి చల్లారాక 238. గోరుతో కొడితే టంగుమంటున్నాయి. నేను గెలిచేశాననుకున్నా. చెట్టుకు కట్టాం. మర్నాడు సాయంత్రానికి 243. 11వ తేదీకి 247. ఇవాళ పొద్దున 251, పైగా బొట్లు. అంటే పోయిన నీళ్ళు గాల్లోంచి మళ్ళీ వచ్చి చేరుతున్నాయి.

బరువు పెరగడం మొదలవగానే తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి కొన్నాను. హాల్లో మధ్యాహ్నం 72 శాతం, రాత్రి 84, తెల్లవారుజామున 88. అక్కడే అసలు విషయం దొరికింది. గాలిలో తేమ ఇంచుమించు 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాల్లోంచి నీళ్ళు లాక్కుని తనే కరగడం మొదలుపెడుతుంది. మద్రాసులో ఈశాన్య రుతుపవనాల కాలమంతా రాత్రిళ్ళు గాలి ఆ గీత దాటే ఉంటుంది. కల్లుప్పు అయితే ఇంకా అన్యాయం. అందులో మిగిలిపోయే మెగ్నీషియం లవణాలకి అంత తేమ కూడా అక్కర్లేదు. మొదటి విడత ఎందుకు ఆరలేదో ఇప్పుడు తెలిసింది. వంటింట్లో ఉప్పు డబ్బా నీరు కారుతుంటే బియ్యపు గింజలు వేసే మనకి ఈ సంగతి కొత్తేం కాదు. కాకపోతే ఇంటర్నెట్ కొలతలు చూసేటప్పుడు వంటిల్లు గుర్తుకు రాదు. ఆ కొలతలన్నీ మంచు దేశాలవి. హీటర్ వేసుకున్న గదిలో గాలి ఎండిపోయి ఉంటుంది, అక్కడ ఈ నక్షత్రాలు ఏళ్ళ తరబడి ఉంటాయట.

అనుమానం తీర్చుకోవడానికి నాలుగింటిని ఏసీ గదిలో (మీటర్ 54) ఒక రాత్రి ఉంచా. పొద్దునకి రాయిలా గట్టిపడ్డాయి. హాల్లోకి తెచ్చాక ఒకటిన్నర రోజుకి మళ్ళీ మెత్తన. కేసు తేలిపోయింది.

అత్తయ్య ఇదంతా చూస్తూ, "ఏమ్మా, ముసురులో వడియాలు పెట్టేవాళ్ళని ఎక్కడైనా చూశావా?" అన్నారు. రెండో విడతప్పుడే అడిగి ఉంటే బాగుండేది అత్తయ్యా, అన్నాను. "నువ్వడిగావా నన్ను?" అన్నారు. అదీ నిజమే.

పూతల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ "వార్నిష్ కొట్టు" అంటారు. మూడు నక్షత్రాల మీద మూడు రకాలు వేశాను. తెల్ల జిగురు పూత రెండో రోజుకే పాలలా తెల్లబడి జిడ్డయింది. అతికించడానికి ఫెవికాల్ ఎంఆర్ కంటే నాకు వేరేది అక్కర్లేదు కానీ, నీళ్ళలో కలిసే జిగురుతో నీళ్ళనే ఆపాలనుకోవడం నా తప్పు. హార్డ్‌వేర్ షాపులో కొన్న వార్నిష్ రెండు కోట్లు వేస్తే పైన మెరుపు ఉంది, లోపల మెత్తబడింది. దారం కన్నం లోపలికి బ్రష్ పోలేదు, తేమ అక్కడినుంచే దూరి ఉంటుందని నా ఊహ. పారదర్శక నెయిల్ పాలిష్ మూడు కోట్లు, కన్నంలోకి అగ్గిపుల్లతో కూడా పూసింది మాత్రం మూడు రోజులుగా పొడిగా ఉంది. కానీ ఒక్క నక్షత్రానికే పావు సీసా అయింది. పన్నెండింటికి ఎవరు పూస్తారు? పైగా ఆ వాసన పిల్లల దగ్గర నాకు ఇష్టం లేదు.

అందుకని పార్టీ మార్చేశాను. రెండు కప్పుల వంట సోడా, కప్పు కార్న్‌ఫ్లోర్ (వీక్‌ఫీల్డ్ వాడా, నునుపుగా వచ్చింది), కప్పున్నర నీళ్ళు. సన్నని సెగ మీద కలుపుతూ ఉంటే ఉప్మా దగ్గరపడ్డట్టు ఒక్కసారిగా ముద్ద కడుతుంది. వెంటనే దించేసి తడిగుడ్డ కప్పాలి, పూర్తిగా చల్లారాకే పిల్లలకివ్వాలి. పిండి తెల్లగా, పట్టులా ఉంటుంది, మైదా పిండి దీని ముందు దండగ. ఓటీజీలో మాత్రం పెట్టకండి. వేడికి సోడా విడిపోయి గ్యాస్ వదులుతుంది, నేను ఒకటి పెట్టి చూస్తే బీటలు తీసింది. ఫ్యాన్ కింద జాలీ మీద పెట్టి, ఆరు గంటలకోసారి తిరగేస్తే రెండు రోజుల్లో ఆరాయి. ఆరాక పద్నాలుగింటి తూకం 176, ఇవాళ 177. తేమ మీటర్ 86 చూపిస్తున్నా అంతే!

దీనికీ ఒక రోగం ఉంది, పెళుసు. చిన్నోడి చేతిలోంచి జారి మూడు మొనలు విరిగాయి. నక్షత్రం మొనలు సన్నగా ఉంటాయి కాబట్టి ఇకమీదట గంటలు, గుండ్రాలు, లావుపాటి చెట్లు మాత్రమే. మందం 6 మి.మీ.కి పెంచి, పిండిలో రెండు చెంచాల ఫెవికాల్ కలిపి చూడాలి, కాస్త సాగుడు రావచ్చు. రంగులకి ఫెవిక్రిల్ అక్రిలిక్ బాగా పట్టింది. పోస్టర్ కలర్లు ఏవైనా సరే చేతికి అంటుతున్నాయి.

సోడా చిన్న ప్యాకెట్లలో కొంటే దివాలా తీస్తాం. శనివారం ప్యారీస్ కార్నర్ బజారుకి వెళ్ళి విడిగా రెండు కిలోలు తేవాలి, అక్కడే బంగారు దారం, గంటలు కూడా. ఈయన బండి మీద తీసుకెళ్తానన్నారు, డిసెంబర్‌లో ఆ సందుల్లోకి బండేమిటి, ట్రైన్‌లో బీచ్ స్టేషన్‌కి వెళ్ళి నడుస్తాం. తిరిగొచ్చేటప్పుడు పిల్లలకి లూర్దు మాత చర్చి దగ్గర దీపాలు చూపించాలి. పాప అక్కడి పశువుల పాకలో ఒంటె ఉందో లేదో లెక్క చూస్తుందట, ఎందుకంటే మన పాకలో ఒంటె ఇంకా తయారు కాలేదు. నాలుగు సన్నకాళ్ళ జంతువుని ఈ పెళుసు పిండితో నిలబెట్టడం నా వల్ల కాదు. పడుకున్న ఒంటె చేద్దామంటే "మరి వాళ్ళు ఎలా వస్తారు?" అని అడుగుతోంది, ఒంటెల మీద వచ్చే ముగ్గురు జ్ఞానుల గురించి. కాళ్ళలో టూత్‌పిక్కులు గుచ్చి చూడాలి.

ఫెవికాల్ కలిపింది పని చేస్తే సంక్రాంతి బొమ్మల కొలువుకి ఇదే పిండితో కూరగాయల బండి, బుట్టలు, గంగిరెద్దు చేయిస్తా. అత్తయ్య ఇప్పటికే గంగిరెద్దుకి పాత పట్టుచీర అంచు తీసిపెట్టారు.

ఏడ్చే నక్షత్రాల్లో మిగిలిన ఎనిమిదింటినీ ఆవిడే బియ్యం డబ్బాలో పాతిపెట్టారు, ఉప్పు డబ్బా చిట్కా తిరగేసి. రెండు గంటలకి రెండు గ్రాములు తగ్గాయి. ఇందాక అన్నానికి బియ్యం కొలుస్తుంటే ఏడే కనిపించాయి.