వాడు కార్లోనే ఉంటానన్నాడు

అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. కారు ఆపినా మావాడు సీటు బెల్టు తీయలేదు. "మీరు వెళ్లండి నాన్నా, నేను కార్లోనే ఉంటా" అన్నాడు. పదిహేనేళ్లవాడు. ఎందుకురా అంటే, "అంకుల్స్ ఏం అడుగుతారో నాకు తెలుసు, నేనేం చెప్తానో వాళ్లకీ తెలుసు. ఇంక లోపలికెందుకు?" అన్నాడు.

జవాబు తట్టలేదు గానీ కోపం మాత్రం తన్నుకొచ్చింది. పిల్లాడేడని అడిగినవాళ్లందరికీ తలనొప్పని చెప్పాను, సత్యనారాయణస్వామి ప్రసాదం చేతిలో పెట్టుకుని మరీ.

ఈ వయసులో పిల్లలు ఇంట్లో నోరు విప్పకపోవడం వింతేం కాదు. తెనాలిలో మా నాన్న సైకిల్ స్టాండ్ వేసిన చప్పుడు వినపడగానే నేను పెరటి దారిన జారుకునేవాణ్ని. అయినా నన్నెవరూ ముంగి అనలేదు. చీకటి పడేదాకా కాలువ గట్టు మీద స్నేహితులతో వాగుతూనే ఉండేవాణ్ని మరి. మావాడికి ఆ గట్టు లేదు. టెక్సస్‌లో పదహారేళ్లు నిండితేగానీ ఒంటరిగా కారు నడపనివ్వరు. మా కాలనీ నుంచి నడిచి చేరుకోగల చోటంటూ ఏదీ లేదు. స్నేహితుడి ఇంటికి వెళ్లాలన్నా డ్రైవర్ని నేనే. నా మీద అలిగి వెళ్లిపోవాలన్నా నన్నే దింపమనాలి. ఇక మిగిలింది మేడ మీద గది.

పైగా నా మాటల తీరొకటి. రాత్రిపూట హైదరాబాద్ టీమ్‌తో జోకులేస్తూ గంటలు గడిపేస్తాను. వాడితో మాత్రం "తిన్నావా? టెస్టెప్పుడు? గ్రేడ్ వచ్చిందా?" అంతే, పోలీసు స్టేషనే నయం. స్నేహితులకు మాత్రం సలహాలిస్తుంటాను: గుచ్చి గుచ్చి అడక్కండి, కార్లో వెళ్తున్నప్పుడు మాట కలపండి, మొహమొహాలు చూసుకునే పని లేదు కాబట్టి పిల్లలే చెప్తారు అని. మా కార్లో వాడు ఏదైనా మొదలుపెడితే రెండో సిగ్నల్‌కల్లా దాన్ని కాలేజీ అప్లికేషన్ దగ్గరికి తెచ్చేస్తాను.

మొన్న వార్షిక చెకప్‌లో డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమంది. ఇక్కడ పన్నెండు దాటిన పిల్లల్ని డిప్రెషన్ గురించి అడగడం మామూలే. ఎనిమిదేళ్ల వయసు నుంచే ఆందోళన లక్షణాలు కూడా చూడాలని 2022లో నిపుణుల బృందం సిఫారసు చేసింది. తలుపు అవతల వాడి గొంతు ఆగకుండా వినపడుతోంది. మాట వచ్చినవాడే! చెప్పుకోకూడదు గానీ, ఆవిడ మీద అసూయ కలిగింది.

లోపల ఏం చెప్పాడో ఆవిడ చెప్పలేదు. ఒంటరిగా ఉండటం ఇష్టమై ఉండటం వేరు, ఇదివరకు ఇష్టమైనవి కూడా వదిలేయడం వేరు, ఆ తేడా గమనించమంది. అప్పటినుంచి గమనించడమే నా పని. నిరుడు పొద్దస్తమానం చెస్ ఆడినవాడు ఫోన్లోంచి ఆ యాప్ తీసేశాడు. అది లెక్కలోకి వస్తుందా? మరి అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరితోనో పగలబడి నవ్వుతాడు, అదో? నవ్వినంత మాత్రాన బాగున్నట్టేనా? అసలు తలుపు దగ్గర చెవి పెట్టే తండ్రికి ఏ పిల్లాడు చెప్పుకుంటాడు?

కౌన్సెలర్ నంబరు ఫ్రిజ్ మీద ఉంది. వాణ్ని అడిగి ఫోన్ చేద్దామంటాను నేను. అడిగితే వద్దంటాడు, ముందు అపాయింట్‌మెంట్ తీసుకుందామంటుంది మా ఆవిడ. తెనాలిలో అమ్మకు మాత్రం ఈ సంగతి చెప్పకూడదని ఇద్దరం ఒక్కమాట మీద ఉన్నాం.