ప్లేన్ ఎక్కాలంటే మొహం ముడుచుకునే పిల్లతో అమ్మమ్మ ఇంటికి

ప్రయాణం పడని పిల్ల ఇంట్లో ఉంటే టికెట్లు బుక్ చేసిన రోజు నుంచే టెన్షన్ మొదలవుతుంది. కారులో అయితే పక్కకి ఆపొచ్చు, దింపి కాస్త గాలి తగలనివ్వొచ్చు. విమానంలో ఆపేదేముంది? పైగా దేశం కాని దేశంలో ఉన్న మనకి అదేమీ గంటన్నర ప్రయాణం కాదు. ఒక విమానం దిగి, ఏ అర్ధరాత్రో తెలియని ఎయిర్‌పోర్టులో కుర్చీల మీద జారగిలబడి, ఇంకోటి ఎక్కి, దిగాక మళ్లీ కారులో కూర్చుని... పెద్దవాళ్లకే ఒళ్లు హూనం అవుతుంది, అయిదేళ్ల పిల్ల సంగతి చెప్పేదేముంది.

నన్ను కంగారు పెట్టింది మాత్రం వాంతులు కాదు. వాంతి అయితే తుడుస్తాం, బట్టలు మారుస్తాం, అయిపోతుంది. "అమ్మమ్మ వాళ్లింటికి వెళ్దామా" అంటే ఎగిరి గంతేసే మా పాప ఒకసారి "ప్లేన్‌లోనేనా?" అని అడిగి మొహం ముడుచుకుంది, అదీ నా కంగారు. రోజూ వీడియో కాల్‌లో కబుర్లు చెప్పే అమ్మమ్మా తాతయ్యా అంటే ప్రాణం, కానీ వాళ్ల దగ్గరికి వెళ్లాలంటే కడుపులో తిప్పుతుంది. ఈ రెండూ పిల్ల బుర్రలో ఒకదానికొకటి అంటుకుపోతే, కొన్నాళ్లకి ఊరికి వెళ్లడం అంటేనే వికారం అయి కూర్చుంటుంది. మనకేమో ఏడాదికో రెండేళ్లకో దొరికే ఆ నాలుగు వారాలే పిల్లలకి అక్కడితో ఉన్న సంబంధం. అందుకే వాంతి అసలు కాకుండా చూడాలనే పట్టుదల వదిలేసి, అయినా కొంప మునగదని పాపకి అర్థమయ్యేలా చూడటం మీద పడ్డాను.

ముందు అసలు ఇది ఎందుకొస్తుందో చెప్తాను, ఎందుకంటే ఇది తెలిశాక మిగతా జాగ్రత్తలు ఎవరూ చెప్పకుండానే తడతాయి. లోపలి చెవిలో ద్రవం నిండిన సన్నటి గొట్టాలుంటాయి, మనం కదులుతున్నామని మెదడుకి కబురు పంపేవాటిలో అవి ముఖ్యం. విమానం ఊగుతుంటే చెవి "కదులుతున్నాం" అంటుంది. కళ్లేమో ఎదురుగా ఉన్న సీటునీ, స్క్రీన్‌నీ చూస్తూ "ఎక్కడి వాళ్లం అక్కడే ఉన్నాం" అంటాయి. ఈ రెండు కబుర్లకీ పొత్తు కుదరక మెదడు తికమకపడితే వచ్చేదే ఈ వికారం. రెండేళ్ల లోపు పిల్లల్లో ఇది చాలా అరుదు. ఆ తర్వాత మొదలై, తొమ్మిది పదేళ్ల వయసులో బాగా ఎక్కువగా ఉండి, టీనేజీలో చాలామందికి నెమ్మదిస్తుంది. "చంటిపిల్లగా ఉన్నప్పుడు హాయిగా నిద్రపోతూ వచ్చిందే, ఇప్పుడేమైంది, అక్కడి తిండి పడట్లేదేమో" అని ఫోన్‌లో ఆరా తీసే బంధువులకి జవాబు ఇదే. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ, మైగ్రేన్ ఉన్నవాళ్లలోనూ ఎక్కువ కనిపిస్తుంది. మా ఇంట్లో ఆ ఘనత వాళ్ల నాన్నది.

సీటు విషయంలో పిల్లలున్న చాలామంది బాత్రూమ్ దగ్గరుంటుందని వెనక వరసలు తీసుకుంటారు. వికారం ఉన్న పిల్లకి అది మంచి బేరం కాదు. పార్కులో సీ-సా బల్ల మధ్యలో కూర్చుంటే తక్కువ ఊగినట్టే, విమానంలో రెక్కల దగ్గర కుదుపు తక్కువ, తోకవైపు ఎక్కువ. కుదిరితే కిటికీ సీటు ఇవ్వండి. పగలైతే దూరంగా నేలా ఆకాశం కలిసే గీత కనిపిస్తుంది, దాన్ని చూస్తుంటే కళ్లూ చెవీ ఒకే మాట మీదకొస్తాయి. చీకట్లో కిటికీతో పనిలేదు, తెర దించేసి పడుకోబెట్టడమే. నిద్రపోయే పిల్లకి వికారం దాదాపు ఉండదు కాబట్టి, ఎంచుకునే వీలుంటే వాళ్ల నిద్ర వేళకి పడే విమానం తీసుకోవడం మేలు. పగటి ప్రయాణమైతే పొద్దున బయల్దేరేవి నయం, ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేచే మధ్యాహ్నం వేళల్లో కుదుపులు ఎక్కువ.

తిండి గురించి రెండే మాటలు. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. నూనె, మసాలా ఎక్కువున్నవి పక్కనపెట్టి, అలవాటైన తేలికపాటివి కొంచెం కొంచెంగా పెట్టాలి. విమానం లోపల గాలి ఒత్తిడి 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, ఆ తక్కువ ఒత్తిడికి కడుపులో గాలి ఉబ్బుతుంది. అందుకని ట్రాలీలో వచ్చే గ్యాస్ డ్రింకులు ఎంత మారాం చేసినా ఇవ్వను. నీళ్లు మాత్రం తరచూ గుక్కెడు గుక్కెడు తాగించాలి, లోపల గాలి చాలా పొడిగా ఉంటుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి, స్క్రీన్. పిల్లల్ని అన్నేసి గంటలు కూర్చోబెట్టాలంటే ట్యాబ్ చేతిలో పెట్టడం తప్ప దారి లేదని అందరం అనుకుంటాం, కడుపులో తిప్పే పిల్లకి అదే శత్రువు. బొమ్మల పుస్తకం కూడా అంతే. చూసేది తగ్గించి వినేది పెంచాలి. నేను చేసిన పనుల్లో బాగా పనికొచ్చింది ఇదొక్కటే అని చెప్పగలను. బయల్దేరడానికి చాలా ముందు నుంచే మా నాన్నని రోజుకో కథ ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపమన్నాను. ఆయన మొదట "నాకేం వచ్చమ్మా కథలు" అని మొహమాటపడ్డారు, తర్వాత ఆపితే ఒట్టు. మధ్యలో దగ్గు, "ఎక్కడిదాకా వచ్చానూ" అని ఆగడం, వెనక నుంచి మా అమ్మ "అది తోడేలు కాదండీ, నక్క" అని సరిదిద్దడం, అన్నీ అందులోనే. పాపకి చిన్న హెడ్‌ఫోన్లు పెట్టి, తల సీటుకి ఆనించి, కళ్లు మూసుకోమంటే, తాతయ్య తోడేలా నక్కా అని అమ్మమ్మతో వాదులాడుకుంటుంటే నవ్వుకుంటూ వింటుంది. ఇంట్లో మామూలప్పుడు తెలుగులో కథ చెబుతానంటే "ఇంగ్లీష్‌లో చెప్పమ్మా" అనే పిల్ల ఇది.

వాంతి వచ్చే ముందు చిన్నపిల్లలు చెప్పరు, చెప్పలేరు కూడా. చాలాసార్లు "కడుపు నొప్పి" అంటారు, లేదా ఊరికే పేచీ పెడతారు. వాళ్ల మొహమే చూస్తూ ఉండాలి. మా పాపకి మొదట ఆవలింతలు వరసపెట్టి వస్తాయి. తర్వాత పై పెదవి చుట్టూ తెల్లబడుతుంది, నుదుటి మీద జుట్టు మొదట్లో సన్నగా చెమట పడుతుంది, ఊరికే ఉమ్మి మింగుతుంటుంది. అన్నిటికంటే పెద్ద గుర్తు కాళ్లు. సీట్లో కూర్చుని కాళ్లు ఆడిస్తూ ముందు సీటుని తన్నడం దాని హక్కు (ముందాయనకి సారీలు చెప్పడం నా డ్యూటీ). ఆ కాళ్లు ఆడటం ఆగిందంటే ఇక టైమ్ లేదని అర్థం. వెంటనే హెడ్‌ఫోన్లు తీసేసి, పైనున్న గాలి గొట్టం మొహం వైపు తిప్పి, తల కదలకుండా వెనక్కి ఆనించి, తడి గుడ్డ మెడ వెనక వేసి, నాతో పాటు నెమ్మదిగా ఊపిరి తీసి వదలమంటాను. సగం సార్లు అక్కడితో సర్దుకుంటుంది. ఆ టైమ్‌లో "వాంతి వస్తోందా? వస్తోందా?" అని పదే పదే అడగకండి, లేని వికారాన్ని తెప్పించే ప్రశ్న అది.

మిగతా సగం సార్లకి సంచి. సీటు ముందు జేబులో ఉండే ఆ కాగితం సంచినే నేను ఇంటికి తెచ్చిపెట్టాను, ఎందుకంటే మొదటిసారి అవసరం పడినప్పుడు చూపిస్తే పిల్ల ఇంకా బెదురుతుంది. లోపల ప్లాస్టిక్ పూత ఉండే ఈ రకం సంచిని 1949లో గిల్మోర్ షెల్డాల్ అనే అమెరికన్ ఒక విమాన కంపెనీ కోసం తయారుచేశాడు. కాగితం సంచిలో నీళ్లు పోస్తే కారవా అని పాపకి అనుమానం, అందుకని సింక్ దగ్గర నిలబెట్టి గ్లాసుడు నీళ్లు పోయించాను. కిందా పక్కలా తడిమి చూసి, "నిజంగా కారట్లేదు!" అని ఇంకో గ్లాసు పోసింది. ఆ తర్వాత పై అంచు ఎలా మడవాలి, గడ్డం కింద ఎలా పట్టుకోవాలి అన్నీ బొమ్మలకి నేర్పింది. ఇప్పుడు ఎక్కగానే ముందు జేబులో సంచి ఉందో లేదో చూసే ఉద్యోగం దానిదే, లేకపోతే బటన్ నొక్కి తనే అడుగుతుంది. అయ్యాక కూడా పెద్ద హడావుడి చేయం. మూతి తుడిచి, పుక్కిలింపజేసి, కాసేపు కడుపుని ఊరకే ఉండనిచ్చి, తర్వాత చెంచా చెంచాగా నీళ్లో ఓఆర్ఎస్సో. ఒక జత బట్టలు పిల్లకి అందరూ పెట్టుకుంటారు, అమ్మకి ఒక చొక్కా పెట్టుకోవడం మర్చిపోతారు. ఒళ్లో కూర్చున్నది కక్కితే పడేది మన మీదే.

మందుల సంగతి మీ పిల్లల డాక్టర్‌తోనే మాట్లాడండి, బయల్దేరే ముందు రోజు కాదు, చాలా ముందే. డైమెన్‌హైడ్రినేట్ లాంటి పాతరకం ఎలర్జీ మందులు రెండేళ్లు నిండిన పిల్లలకి బరువునీ వయసునీ బట్టి ఇస్తుంటారు, వికారం మొదలయ్యాక ఇస్తే పెద్దగా పనిచేయవు, అరగంట నుంచి గంట ముందు పడాలి. వీటితో చాలామంది మత్తుగా నిద్రపోతారు కానీ కొందరు పిల్లలు దానికి సరిగ్గా రివర్స్‌లో, పూనకం వచ్చినట్టు గెంతుతారు, అందుకే డాక్టర్ సరేనంటే ఇంట్లో ఏదో ఒక సెలవు రోజున ముందుగా వేసి చూడటం మంచిది. ప్రొమెథజైన్ అనే మందు రెండేళ్ల లోపు పిల్లలకి అస్సలు ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. చెవి వెనక అంటించుకునే ప్యాచ్‌లు పెద్దవాళ్లవి. నిద్రమత్తు రాని కొత్తరకం ఎలర్జీ మందులు దీనికి పెద్దగా పనికిరావు. "ఆ దగ్గు సిరప్ ఒక మూత పోసెయ్యి, దిగేదాకా లేవదు" అని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి ప్రయాణంలోనూ తగులుతాడు, నవ్వి ఊరుకోండి. ఇంకో మాట, ఒకే మందు ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో అమ్ముతారు. పేరు వేరు కదా అని అక్కడొకటి ఇక్కడొకటి వేస్తే డోసు రెట్టింపవుతుంది. మందు అసలు పేరు, వేసిన టైమ్ కాగితం మీద రాసుకోండి, లేకపోతే అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి వేసేస్తారు. అల్లం కొందరికి పనిచేస్తుంది. మణికట్టు బ్యాండ్లకి గట్టి ఆధారం ఏమీ లేదు, కానీ పిల్లకి దాని మీద నమ్మకం కుదిరితే పెట్టుకోనివ్వండి, నష్టం లేదు.

కిందికి దిగే అరగంట జాగ్రత్త. సీటు బెల్టు లైటు వెలిగాక లేవడానికి ఉండదు, బాత్రూమ్ పని ముందే కానిచ్చి సంచి చేతికందేలా పెట్టుకోవాలి. చెవులు దిబ్బడ వేయడం వేరే సంగతి, దానికి ఏదైనా చప్పరిస్తూ మింగుతుంటే చాలు.

విమానంలో అంతా బాగానే గడిచి, చివర్లో కారులో వాంతి చేసుకునే పిల్లలు చాలామంది. నిద్ర చాలదు, ఎండ, పక్కన నలుగురు బంధువులు, అందరూ ఒకేసారి మాట్లాడటం. మా అమ్మకి ముందే ఫోన్ చేసి చెప్పాను, ఎయిర్‌పోర్టులో కనిపించగానే "వాంతులయ్యాయా తల్లీ?" అని మాత్రం అడగొద్దు, కథల గురించి అడుగు, దాని కొత్త బూట్ల గురించి అడుగు అని. "అడక్కుండా ఎలా ఉంటామే, మొహం వాడిపోయి ఉంటే!" అంది. అడగలేదు. కానీ దారి పొడుగునా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి పిల్ల మొహమే చూస్తూ కూర్చుని, చివరికి తనే కళ్లు తిరుగుతున్నాయని కారు ఆపించింది.

ఇంటికి చేరి విశ్రాంతి తీసుకున్నా వాంతులు ఆగకపోయినా, జ్వరం, చెవి నొప్పి, తీవ్రమైన తలనొప్పి ఉన్నా, ఉచ్చ పోయడం బాగా తగ్గినా అది ప్రయాణం వల్లే అనుకుని ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించాలి.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ ఆలోచించరు. నిజానికి అదే కష్టం. ఆఖరి రోజు వచ్చేపోయే జనం, నిద్ర లేకపోవడం, ఏడుపు, మళ్లీ ఎప్పుడొస్తారోనని ప్రతివాళ్లూ పిల్ల నోట్లో ఏదో ఒకటి పెట్టడం. సాయంత్రం తర్వాత పాపకి ఎవరూ ఏమీ పెట్టొద్దని ఖండితంగా చెప్పాను, మా అమ్మ బుద్ధిగా తల ఊపింది. సెక్యూరిటీ దగ్గర బ్యాగు తెరిస్తే సంచులూ తడి గుడ్డలూ పెట్టిన అరలో వాటిని పక్కకి నెట్టి ఒక డబ్బా ఉంది.