తకిట తకిట తక తక

మావాడికి స్కూల్ యాన్యువల్ డేలో కీబోర్డ్ వాయించే ఛాన్స్ వచ్చింది. ఏం వాయిస్తావురా అంటే మిషన్ ఇంపాజిబుల్ సినిమాల ట్యూన్ అన్నాడు. ఓస్ అంతేనా, తిప్పి తిప్పి కొడితే నాలుగైదు నోట్స్, రెండ్రోజుల్లో వచ్చేస్తుందిలే అనుకున్నా. నోట్స్ నిజంగానే వచ్చేశాయి, గొడవంతా వెనకాల బీట్‌తో మొదలైంది. కీబోర్డ్‌లో రెడీమేడ్ రిథమ్స్ ఉంటాయి కదా, వాడు రాక్ బీట్ పెట్టుకుని వాయిస్తుంటే మొదటి రౌండ్ బానే ఉంటుంది, రెండో రౌండ్‌కి డ్రమ్ ఒకచోట వీడు ఒకచోట, మూడో రౌండ్‌కి ఇద్దరికీ మాటల్లేవు, మళ్ళీ ఐదో రౌండ్ మొదట్లో ఏం మాయో ఠక్కున కలిసిపోతారు, ఆ వెంటనే మళ్ళీ విడిపోతారు. మూడు సాయంత్రాలు ఇదే తంతు. కీబోర్డ్ పాడైందేమో అని కూడా అనుమానపడ్డా.

నాలుగోరోజు హాల్లో పేపర్ చదువుకుంటున్న మా నాన్న తలెత్తకుండానే "అది నాలుగు కాదురా, ఐదు" అన్నారు.

మా నాన్న చిన్నప్పుడు నాలుగేళ్ళు మృదంగం నేర్చుకున్నారు, తర్వాత ఉద్యోగం, పిల్లలు, అంతే సంగతులు. ఆ సినిమాలు ఒక్కటి కూడా చూసిన మనిషి కాదు. పేపర్ మడిచి పక్కన పెట్టి, కుర్చీ చెయ్యి మీద వేళ్ళతో కొట్టి చూపించారు. తకిట తకిట తక తక. తకిట తకిట తక తక. మూడు, మూడు, రెండు, రెండు, మొత్తం పది అక్షరాలు, అంటే ఐదు దెబ్బలు. వీడు పెట్టుకున్న డ్రమ్మేమో నాలుగు దెబ్బలది. నాలుగైదులు ఇరవై కాబట్టి ఇరవై దెబ్బలకోసారి కలుస్తున్నారన్నమాట. "మనకి ఐదు లెక్కల ఖండం ఉందిగా, ఇదీ ఆ కుటుంబమే" అని ఎంత తేలిగ్గా అనేశారో, పక్కింటివాళ్ళ అబ్బాయి గురించి చెప్పినట్టు.

ఆ రాత్రి నేను నిద్రపోతే ఒట్టు. ఈ ట్యూన్ కట్టినాయన ఎవరు, ఐదు ఎందుకు పట్టుకున్నాడు అని తవ్వుకుంటూ కూర్చున్నా.

ఆయన పేరు లాలో షిఫ్రిన్, 1932లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్న అక్కడి పెద్ద ఒపేరా హౌస్, టియాట్రో కొలోన్ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాడు, కాబట్టి ఇంట్లో అంతా క్లాసికల్, పిల్లాడికేమో జాజ్ పిచ్చి. పారిస్‌లో సంగీతం చదువుకోడానికి వెళ్ళి పగలు ఒలివియే మెసియాన్ అనే ఫ్రెంచ్ స్వరకర్త క్లాసులు, రాత్రిళ్ళు జాజ్ క్లబ్బుల్లో పియానో. ఇక్కడ నేను కాసేపు ఆగిపోయా, ఎందుకంటే ఈ మెసియాన్ మామూలాయన కాదు, మన 13వ శతాబ్దపు సంగీత రత్నాకరంలో శార్ఙ్గదేవుడు చెప్పిన 120 దేశీ తాళాలు పట్టుకుని వాటితో తన సంగీతం రాసుకున్న మనిషి. అందుకే షిఫ్రిన్ ఐదు వాడాడని నేననను, అప్పటికే 1959లో టేక్ ఫైవ్ అనే ట్యూన్ వచ్చి జాజ్‌లో ఐదు బాగా ఫేమస్ అయిపోయింది కూడా. కానీ పొద్దున్నే మా నాన్నకి ఈ ముక్క చెప్తే "చూశావా" అని ఒక్క మాటన్నారు, ఆ రోజంతా అదే నవ్వు.

తర్వాత అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ బ్యూనస్ ఎయిర్స్ వచ్చి ఈయన్ని చూడటం, 1958లో ఈయన అమెరికా వెళ్ళిపోవడం, 1960 నుంచి గిలెస్పీ బ్యాండ్‌లో పియానో, ఆ తర్వాత హాలీవుడ్, ఇవన్నీ చకచకా జరిగిపోయాయి.

అసలు కథ 1966ది. బ్రూస్ గెల్లర్ అనే నిర్మాత అమెరికాలో సీబీఎస్ ఛానెల్‌కి మిషన్ ఇంపాజిబుల్ అని కొత్త స్పై సీరియల్ తీస్తున్నాడు, సినిమాలు తర్వాతెప్పుడో వచ్చాయి, డబ్బు పెట్టే స్టూడియో ఏమో లూసిల్ బాల్‌ది, అదేనండీ ఐ లవ్ లూసీ కామెడీ సీరియల్ ఆవిడ. పైలట్ ఎపిసోడ్‌కి, అంటే ముందు నమూనాగా తీసేదానికి, షిఫ్రిన్ టైటిల్ మ్యూజిక్ అని ఒకటి కట్టాడు, అది గెల్లర్‌కి ఎక్కలేదు. ఎపిసోడ్ లోపల తప్పించుకుపోయే సీన్ కోసం కట్టిన ముక్క విని, ఇదే టైటిల్‌కి పెట్టేద్దాం అన్నాడట. అంటే ప్రపంచమంతా ఈలేసే ఆ ట్యూన్ పెళ్ళికొడుకుగా రాలేదు, పెళ్ళికొచ్చినవాడికి కట్టబెట్టారు. షిఫ్రిన్ మాత్రం పెద్దయ్యాక ఇంకోలా కూడా చెప్పాడు, మొదట్లో ఒక వత్తి వెలుగుతుంది, దానికి సరిపోయేలా మంచి ఊపున్నది కావాలి అన్నారు, ముందర బొమ్మలేవీ లేవు, అందుకే స్వేచ్ఛగా వచ్చింది అని. ఏది ముందో ఏది వెనకో గానీ వత్తి మాత్రం నిజం. లక్ష్మీబాంబు వత్తిలా చిరచిరలాడుతూ స్క్రీన్‌కి అడ్డంగా పరిగెడుతుంటే వెనకాల ఆ ఎపిసోడ్‌లో రాబోయే సీన్లు ముక్కలు ముక్కలుగా వచ్చిపోతాయి. అగ్గిపుల్ల గీసి ఆ వత్తి ముట్టించే చెయ్యి వేరే ఎవరిదో కాదు, గెల్లర్‌దే.

ఐదు ఎందుకయ్యా అని విలేకర్లు అడిగితే, వేరే గ్రహాల మీద ఐదు కాళ్ళవాళ్ళున్నారు, మన పాటలకి డాన్స్ చెయ్యలేకపోతున్నారు, వాళ్ళ కోసం కట్టానని జోకేశాడట. ఇంకో కథ నెట్ నిండా తిరుగుతుంది, మోర్స్ కోడ్‌లో ఎమ్ అంటే రెండు గీతలు, ఐ అంటే రెండు చుక్కలు, మిషన్ ఇంపాజిబుల్ పొడి అక్షరాలు ఎమ్ ఐ, ట్యూన్ కూడా రెండు పొడుగు రెండు పొట్టి, సరిపోయిందిగా అని. సరిపోయిన మాట నిజమే, కానీ మోర్స్‌లో గీత అంటే చుక్కకి మూడింతలు, ఇక్కడ తకిటకీ తకకీ తేడా ఒకటిన్నర రెట్లే. నాకైతే ముందు ట్యూన్ పుట్టి తర్వాత కథ పుట్టిందనే అనిపిస్తుంది. సీరియల్లో గూఢచారులకి పని అప్పజెప్పే టేపు కూడా ఐదు సెకన్లలోనే కాలిపోతుంది, ఇలా వెతుక్కుంటూ పోతే అన్నీ ఐదులే.

నాకు నచ్చింది వేరే ఉంది. కింద తిరిగే ఆ బేస్ వరసని మా నాన్న స్వరాల్లో పాడి చూపించారు. స స గ మ, మళ్ళీ స స, తర్వాత కింద నిషాదాలు రెండు పక్కపక్కనే, ముందు చిన్నది తర్వాత పెద్దది. మన దగ్గర రెండు నిషాదాలు అలా వెంటవెంటనే వేస్తే గురువుగారు కళ్ళెర్రజేస్తారు, ఇక్కడ మాత్రం అవే ప్రాణం. పిల్లిలా కిందనుంచి పాక్కుంటూ వచ్చి షడ్జం గుమ్మం దగ్గర ఆగుతాయి. దాంతోపాటు ఆ ఐదో దెబ్బ, మెట్లు అయిపోయాయనుకుని కాలు పెడితే ఇంకో మెట్టున్నట్టు. అందుకే అది వింటుంటే ఎవరో తరుముతున్నట్టే ఉంటుంది, ఎక్కడా కుదురుగా నిలబడనివ్వదు.

1996లో సినిమా తీసినప్పుడు యూ2 బ్యాండ్ నుంచి ఇద్దరు, ఆడమ్ క్లేటన్, లారీ ముల్లెన్, డాన్స్ ఫ్లోర్‌కి పనికొచ్చేలా దాన్ని చాలావరకు నాలుగులోకి దించేశారు. సూపర్ హిట్. నాకు మాత్రం ఆ వెర్షన్ వింటే కుంటుతూ పరిగెత్తే దొంగకి కాలు బాగుచేసి మార్నింగ్ వాక్‌కి పంపినట్టుంటుంది. ఆ సినిమా టైటిల్స్‌లో మాత్రం పాత ఐదే ఉంచారు, బతికించారు. సీరియల్ సంగీతానికి షిఫ్రిన్‌కి 1968లో రెండు గ్రామీలొచ్చాయి, 2018లో గౌరవ ఆస్కార్ క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతుల మీదుగా ఇచ్చారు, 2025 జూన్‌లో 93 ఏళ్ళకి పోయాడు.

మావాడు చివరికి కీబోర్డ్ డ్రమ్ ఆఫ్ చేసేశాడు. వాళ్ళ తాతయ్య స్టీల్ పళ్ళెం బోర్లించి వాయిస్తే దాంతో వారం రోజులు ప్రాక్టీస్ చేశాడు, "ఆ పళ్ళేనికి సొట్టలు పడుతున్నాయండీ" అని మా అమ్మ వంటింట్లోంచి మొత్తుకున్నా సరే. యాన్యువల్ డే రోజు స్టేజ్ మీద తప్పు లేకుండా మొదలుపెట్టాడు. హాల్లో పేరెంట్స్ అందరికీ హుషారొచ్చి చప్పట్లు అందుకున్నారు, నాలుగులో. వీడు ఐదులో. నా పక్కన మా నాన్న మోకాలి మీద వేళ్ళతో లెక్కేసుకుంటూ, "కలుస్తార్లే, ఇరవైకి కలుస్తారు" అంటున్నారు.