లస్కరు వచ్చి కూర్చున్నాడు

రెండేళ్ళుగా రాస్తున్న నవల మొన్న ఫిబ్రవరిలో ఆగిపోయింది. టైం లేక కాదు. రోజూ తెల్లారుజామున ఐదింటికి లేచి కూర్చునేదాన్ని, రెండు మూడు పేజీలు నిండేవి, సాయంత్రం చదువుకుంటే వాటిలో ప్రాణం లేదని నాకే తెలిసిపోయేది. ఆ టెన్షన్‌తో రాత్రుళ్ళు నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు.

కథ 2011లో కోనసీమ రైతులు పెట్టిన క్రాప్ హాలిడే చుట్టూ నడుస్తుంది. ఆ ఏడాది సార్వాకి, అంటే వానాకాలం పంటకి, దాదాపు లక్ష ఎకరాలు నాట్లు వేయకుండా వదిలేశారు. కరువొచ్చి కాదు, కాలవలో గోదారి పారుతుండగానే. మురుగు కాలవలు పూడిపోయి నాలుగు వానలు పడితే చేలు చెరువులైపోయేవి, కూలి ఖర్చులు పెరిగిపోయాయి, ఆ ఏడు మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 1080 రూపాయలు, అది కూడా పూర్తిగా చేతికి రావడం గగనం. అన్నం పెట్టే నేల మీద కాలు పెట్టకూడదని రైతే ఒట్టు పెట్టుకున్నాడంటే లోపల ఎంత రగిలిపోయి ఉంటాడు? ఆ మంట గురించి రాయాలనే మొదలుపెట్టాను.

నా హీరో ఓ రైతు కొడుకు, హైదరాబాదులో ఉద్యోగం మానేసి ఊరొచ్చి తండ్రితో వాదించే కుర్రాడు. బాగా మాట్లాడతాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. అరుగు మీద, టీ కొట్టు దగ్గర, పెళ్ళి భోజనాల్లో ఎక్కడ చూసినా వాదనలే, పుస్తకం మొత్తంలో కాలికి బురద అంటిన మనిషి ఒక్కడూ లేడు.

పన్నెండో అధ్యాయంలో ఒక చిన్న ముక్క ఉంది. రాత్రిపూట ఎవరో వచ్చి తూము షట్టరు ఎత్తేస్తారు. రెండు వాక్యాలు, అంతే. ఆ ఎత్తడం ఎలా ఉంటుందో కళ్ళతో చూద్దామని మార్చిలో ఓ సాయంత్రం కాలవ లాకుల దగ్గరికి వెళ్ళాను. దాళ్వా, అంటే రెండో పంట, చేలు పొట్ట మీదున్న రోజులు, కాలవలకి వంతులవారీగా నీళ్ళొదులుతున్నారు. లాకు గోడ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. లస్కరుగా చేసి రిటైరై చాలా ఏళ్ళయిందట, అయినా సాయంత్రమైతే కాళ్ళు ఇటే లాక్కొస్తాయట.

డెల్టా బయట పెరిగినవాళ్ళకి లస్కరంటే తెలియకపోవచ్చు. కాలవ గట్టు వెంట నడుస్తూ గండ్లు పడకుండా చూసుకునేవాడు, తూముల షట్టర్లు ఎత్తేవాడు, దించేవాడు. గోదావరి డెల్టా గురించి ఎవరు రాసినా కాటన్ దొర గురించి రాస్తారు. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్ట, తర్వాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజి, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం కలిపి 175 గేట్లు, కింద సుమారు పది లక్షల ఎకరాలు, ఇవన్నీ నేనూ రాసుకున్నాను, నా నోట్సు నిండా అవే. కానీ అంత నీరూ బోదెలోకి, అంటే పొలానికెళ్ళే పిల్ల కాలవలోకి, తిరిగి చేలోకి వెళ్ళే చివరి మలుపులో షట్టరు మీద ఉండే చెయ్యి ఈయనది. జీతం చూస్తే అందరికంటే తక్కువ. వంతుల రోజుల్లో మాత్రం ఎగువ రైతు బెదిరిస్తాడు, శివారు రైతు అర్ధరాత్రి లాంతరు పట్టుకొచ్చి చేతులు పట్టుకుంటాడు. ఇద్దరూ ఒక్క ఊరివాళ్ళే, పొద్దున్నే ఇద్దరి ముఖాలూ చూడాలి.

షట్టరు ఎలా ఎత్తుతారు బాబాయ్ గారూ అని అడిగితే లేచి నిలబడి, గాల్లోనే రెండు చేతులతో మర తిప్పి చూపించాడు. తిప్పుతున్నప్పుడు పెదాలు కదులుతున్నాయి. "చుట్లు లెక్కెట్టుకోవాలండమ్మా. చీకట్లో గేజి అవుపడదు కదండీ, చెయ్యే లెక్క." కుడి అరచేతికి అడ్డంగా, వేళ్ళ మొదట్లో, కాయ కాసిన గీత ఒకటుంది. పని మానేసి ఇన్నేళ్ళయినా అది పోలేదు.

తర్వాత 2011 గురించి అడిగాను. కాసేపు నీళ్ళవైపు చూశాడు.

"ఆ ఏడు నన్నెవరూ అడగలేదమ్మా."

"ఏమడగలేదు?"

"నీళ్ళండి."

ఇంటికొచ్చి ఆ రాత్రి పడుకోలేదు. జీవితమంతా ఇంకో గంట నీళ్ళియ్యి, ఇంకో రెండు చుట్లు ఎత్తు అని బతిమాలించుకున్న మనిషి, తిట్లు తిన్న మనిషి. ఒక ఏడాది కాలవ నిండుగా వచ్చింది, అడిగేవాడు లేడు. నేను రెండేళ్ళు వాదనలతో చెప్పాలని చూసింది ఆయన ఆ రెండు ముక్కల్లో చెప్పేశాడు.

నూట నలభై పేజీలు పక్కన పెట్టేశాను. బాధ అనిపించలేదు. హీరో ఉన్నాడు, కాకపోతే ఇప్పుడు గట్టు మీద ఎదురొచ్చి పలకరించి వెళ్ళిపోయే మనిషి. ఒక్కో పాత్ర పుస్తకాన్ని తనవైపు ఎలా లాక్కుంటుందో గురజాడ దగ్గర చూడొచ్చు. 1897 కన్యాశుల్కంలోని మధురవాణినీ, 1909లో తిరగరాసిన దాంట్లోని మధురవాణినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, అంత పెరిగింది ఆవిడ. అంతటివాడే పన్నెండేళ్ళ తర్వాత ఆ పాత్రకి దారి వదిలాడు కదా అని నాకు ధైర్యం వచ్చింది.

నా పుస్తకంలో లస్కరు ఆ పెద్దాయన కాదు. ఆయన్ని అడిగి, ఆ మాట తీసుకున్నాను, ఆ నడక కొంచెం తీసుకున్నాను, సంసారం, ఊరు అన్నీ వేరే కల్పించుకున్నాను. పేరు మాత్రం ఇంకా దొరకలేదు. అందరూ "లస్కరు గారూ" అనే పిలుస్తారు, ఊళ్ళో సగం మందికి అసలు పేరు తెలీదు. బహుశా భార్య ఒక్కతే ఒకచోట ఆ పేరు పలుకుతుందేమో, అది ఏ సన్నివేశంలోనో ఇంకా తెలీదు.

ఇప్పుడు రాస్తున్నది నవల్లో ఓ జూన్ రాత్రి. కాలవలకి నీళ్ళొదిలారు. అతను అలవాటు కొద్దీ గట్టు మీద నడుస్తూ, ప్రతి తూము దగ్గరా ఆగుతున్నాడు. అన్నీ దించి ఉన్నాయి. కప్పల అరుపులు తప్ప మనిషి అలికిడి లేదు. శివారు తూము దగ్గర కూర్చుని, లేచి, మర మీద చెయ్యేశాడు. దున్నని చేలోకి ఒక చుట్టు ఎత్తాడు. నీరు బోదెలోకి దిగిన చప్పుడు విన్నాడు. రెండో చుట్టు.

నాలుగు రోజులుగా అక్కడే ఉన్నాను. అతను లెక్కపెడుతున్నాడు, నేను వింటున్నాను.