కడుపుతో మొదలైన దిగులు

రిటైరైనవాడు కాస్త నీరసంగా కనిపిస్తే చాలు, ఊళ్లో అందరూ ఒకటే మందు చెబుతారు: "ఏదైనా వ్యాపకం పెట్టుకోండి మాస్టారూ." మొక్కలు పెంచమన్నారు, భాగవతం చదవమన్నారు, పొద్దున్నే నడవమన్నారు. అన్నీ మంచి సలహాలే. నాకు మాత్రం ఒక్కటీ అక్కరకు రాలేదు. ఎందుకు రాలేదో తెలిసేసరికి దాదాపు ఏడాది గడిచిపోయింది.

నేను స్టేషన్ మాస్టర్‌గా చేశాను. గూడూరు - విజయవాడ సెక్షన్లో చిన్నా పెద్దా స్టేషన్లు తిరిగి, అరవై నిండిన నెల ఆఖరు రోజున శాలువా కప్పించుకుని తెనాలిలో ఇంటికి చేరాను. డబ్బుకు ఇబ్బంది లేదు. పెన్షనొస్తుంది, వైద్యానికి రైల్వే కార్డుంది, అబ్బాయి హైదరాబాదులో స్థిరపడ్డాడు. మొదట్లో పెళ్లిళ్లకు తిరిగాం, అరుణాచలం వెళ్లొచ్చాం.

ఆ సందడి అయిపోయాక ఇంట్లో చిన్న చిన్న గొడవలు. పగలల్లా నేను ఇంట్లో ఉండటం మా ఆవిడకు అలవాటు లేదు, రిజిస్టరు ముందు లేకుండా కూర్చోవడం నాకు అలవాటు లేదు. ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అని రాసీ రాసీ ఉన్న చెయ్యి. గ్యాస్ బండ ఎప్పుడు మార్చారో, పాలవాడు ఎన్నింటికి వచ్చాడో నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. ఆవిడ ఆ పుస్తకం తెచ్చి నా ముందు పడేసి, "ఇది వంటిల్లండీ, మీ స్టేషన్ ప్యానెల్ రూం కాదు" అంది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆ పూట అన్నం తినలేదు.

అసలు జబ్బు కడుపుతో మొదలైంది. ఆకలి పోయింది. పెసరట్టు నోట్లో పెట్టుకుంటే అట్ట ముక్క నమిలినట్టుండేది. గుండెల మీద ఏదో బరువు. చొక్కాలు వదులైపోయాయి. రాత్రి పదింటికి పడుకుంటే మూడింటికల్లా మెలకువ, ఆ తర్వాత నిద్ర పట్టేది కాదు. పట్టాలు మా ఇంటికి దూరమే అయినా ఆ వేళప్పుడు చప్పుడు బాగా వినిపిస్తుంది. వెళ్లేది గూడ్సో ఎక్స్‌ప్రెస్సో పడుకునే చెప్పగలను. చక్రం ఒకచోట చదునుగా అరిగితే టక్ టక్ మని ఒకే లయలో కొడుతుంది, అదీ పట్టేస్తాను. డ్యూటీలో ఉంటే వెంటనే ముందు స్టేషనుకు ఫోన్ చేసి బండి ఆపించాలి. మంచం మీద ఉన్నవాణ్ణి, ఎవరికి చెప్పను?

నైట్ డ్యూటీల అలవాటు, అదే పోతుందిలే అన్నారు తోటివాళ్లు. గ్యాస్ అన్నారు, పాంటోప్రజోల్ వాడాను. ఎండోస్కోపీ, స్కానింగ్, థైరాయిడ్, బీ12 అన్నీ అయ్యాయి. పొట్టలో కొంచెం వాపు తప్ప ఏమీ లేదన్నారు. బంధువులు క్యాన్సర్ అనే మాట పైకి అనకుండా, రిపోర్టులు మాత్రం రెండేసి సార్లు అడిగి చూసేవాళ్లు.

చివరికి గుంటూరులో ఒక ఫిజీషియన్ రిపోర్టులన్నీ పక్కన పెట్టి రెండే ప్రశ్నలు అడిగాడు. మెలకువ ఎన్నింటికి వస్తోంది? పొద్దున ఎక్కువ బాధగా ఉంటుందా, సాయంత్రమా? పొద్దున నరకం, దీపాలు పెట్టే వేళకు కొంచెం నయం అన్నాను. ఇది డిప్రెషన్ అయ్యుంటుందని సైకియాట్రిస్టుకు చీటీ రాశాడు. పెద్దవాళ్లలో ఇది ఒక్కోసారి దిగులుగా కాకుండా కడుపు నొప్పిగా, నీరసంగా, బరువు తగ్గడంగా బయటపడుతుందట. "నాకు పిచ్చేంటి?" అన్నాను బయటికొచ్చాక. మా ఆవిడ సమాధానం చెప్పకుండా ఆటో పిలిచింది.

ఆ రెండో డాక్టరు చాలాసేపు మాట్లాడి, చివర్లో మెల్లగా అడిగాడు: "బతకడం ఎందుకని ఎప్పుడైనా అనిపించిందా?" ఏదైనా చేసుకోవాలని లేదు గానీ, తెల్లారకపోతే బాగుండునని రోజూ అనిపిస్తోందని చెప్పాను. పక్కనే ఉన్న మా ఆవిడ అప్పటిదాకా నా మీద విసుక్కుంటున్న మనిషి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదట్లో వికారం ఉండొచ్చని ముందే చెప్పారు. అంతవరకూ సరే. కొన్నాళ్లకు మాట తడబడింది, నడిస్తే తూలుడు. పక్షవాతమేమోనని పరుగెత్తాం. తీరా చూస్తే రక్తంలో సోడియం 126. ఉండాల్సింది 135 నుంచి 145. నేను అప్పటికే నీరు తీసే మందు కలిసిన బీపీ బిళ్ల వేసుకుంటున్నాను. ఈ రెండూ కలిస్తే పెద్ద వయసులో సోడియం పడిపోవచ్చట. ఆస్పత్రిలో ఉంచి సరిచేసి, బీపీ మందు మార్చి, డిప్రెషన్ మందును కూడా రాత్రిపూట వేసుకునే మిర్టాజపిన్‌కు మార్చారు. బీపీ ఉన్న పెద్దవాళ్లు ఇలాంటి మందు మొదలుపెట్టేటప్పుడు సోడియం పరీక్ష సంగతి డాక్టర్ని అడగడం మంచిది.

ముందు నిద్ర వచ్చింది. ఆ తర్వాత ఆకలి. ఒక మధ్యాహ్నం గోంగూర పచ్చడి ఇంకొంచెం వెయ్యమని అడిగితే మా ఆవిడ గరిటె పట్టుకుని నా వంక అలాగే చూసింది.

నడక, మొక్కలు, భాగవతం అన్నీ ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాను. మందు కంటే ముందు ఈ సలహాలిస్తే, కాలు విరిగినవాణ్ణి పరుగు పందేనికి రమ్మన్నట్టే. మనసు బాగోలేనివాళ్ల కోసం టెలీ మానస్ 14416 అని ప్రభుత్వ ఫోన్ నంబరు ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదటి చీటీకి ఆస్పత్రి గడప తొక్కలేనివాళ్లకు అది నయం.

నిరుడు నవంబరులో పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల వేళకు మా వరండా కళకళలాడింది. వేలిముద్రలు అరిగిపోయి మిషను తీసుకోని ముసలివాళ్లకు ఫోన్లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్, అంటే ఆ సర్టిఫికెట్టే ఆన్‌లైన్లో, చేయించవచ్చు. అది నేర్చుకున్నాను. కళ్లు ఆర్పమంటే కొందరు గట్టిగా మూసుకుని కూర్చుంటారు, మళ్లీ మొదలు. ఎవరెవరిది ఏ తారీఖున అయిందో ఒక పుస్తకంలో రాసి ఉంచాను. దానికి మాత్రం మా ఆవిడ అభ్యంతరం చెప్పలేదు.

బాగైన తర్వాత కూడా కొన్ని నెలలు మందు ఆపకూడదన్నారు, వేసుకుంటూనే ఉన్నాను. పోయిన బరువు తిరిగొచ్చి, పైన ఇంకో నాలుగు కిలోలు చేరింది. ఈ మందుకు ఆకలి పెరుగుతుందని డాక్టరు చెప్పిన మాట మా ఆవిడ బాగా గుర్తుపెట్టుకుంది. రాత్రి అన్నం బంద్, రెండు పుల్కాలు. మూడోది అడిగితే డాక్టరుకు ఫోన్ చేస్తానంటుంది.