నడుం మీద గ్లాసు నీళ్లు

మూడేళ్ల కిందట దాళ్వా కోతల రోజుల్లో, పొద్దున్నే ఐదింటికి చెరువు గట్టు మీద 25 కిలోల రొయ్యల మేత బస్తా ఎత్తబోయి, నడుం పట్టేసి అలాగే వంగుండిపోయాను. రోజూ ఎత్తే బస్తానే అండి, ఆ రోజు పూర్తిగా నేల కూడా వదల్లేదు. మా చెరువు పాలకొల్లు దగ్గర. అక్కణ్నుంచి బండి వెనక కూర్చుని, కాలవ గట్టు రోడ్డు మీద గోతులన్నీ లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చాను.

ఊళ్లో అందరూ డాక్టర్లే కదా. ఒకరు నరం పట్టేసిందన్నారు, ఒకరు డిస్క్ జారిందన్నారు, మా బాబాయి అయితే వేడి చేసిందిరా, కొబ్బరినీళ్లు తాగు అన్నాడు. నేనేమో వాళ్లకంటే తెలివైనవాణ్ని కాబట్టి ఫోన్లో వీడియోలు చూసి, పొట్ట గట్టిపడితే నడుం నిలబడుతుందనుకుని రోజుకు యాభై సిటప్‌లు మొదలెట్టాను. రెండో వారానికి చెప్పులు తొడగడానికి మా ఆవిడ రావాల్సొచ్చింది.

ఆఖరికి భీమవరంలో ఒక ఫిజియోథెరపిస్టు గారి దగ్గరికెళ్తే (మాట కటువు, చెయ్యి మంచిది) సిటప్‌ల సంగతి విని నవ్వారు. "నొప్పెట్టే నడుమునే వంచి వంచి లేపుతున్నారండి మీరు. మీకు కావాల్సింది నడుం కదలకుండా కాళ్లూ చేతులూ కదిపే అలవాటు" అన్నారు.

మన కూలీలు బస్తా ఎత్తే ముందు తువ్వాలు నడుముకి బిగిస్తారు చూడండి, అలాంటి తువ్వాలు ఒంట్లోనే ఒకటుంది. పొత్తికడుపు చుట్టూ పట్టీలా ఉండే ఆ కండరాన్ని ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ అంటారు. వెనకవైపు వెన్నుపూసల్ని పట్టి ఉంచే చిన్న కండరాలు మల్టిఫిడస్. 1996లో ఆస్ట్రేలియాలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు పరీక్షించి చూస్తే, మామూలు మనిషి చెయ్యెత్తేటప్పుడు చెయ్యి కండరం కంటే ముందే ఈ తువ్వాలు బిగుసుకుంటోందట, నడుం నొప్పి ఉన్నవాళ్లలో ఆలస్యంగా బిగుసుకుంటోందట.

ఫిజియోథెరపిస్టు మేడం గారు మొదట నేర్పింది చిన్నగా దగ్గడం. దగ్గినప్పుడు పొట్ట చుట్టూ ఒక బిగువొస్తుంది, అందులో కొంచెం మాత్రం నిలుపుకుని మాట్లాడగలగాలి, ఊపిరి బిగబట్టకూడదు. అది పట్టుబడ్డాక బర్డ్ డాగ్ అనే వ్యాయామం. పిల్లల్ని ఎక్కించుకునే గుర్రంలా చేతులూ మోకాళ్ల మీద ఉండి, కుడి చెయ్యి ముందుకి, ఎడమ కాలు వెనక్కి చాపి పది సెకన్లు ఆగాలి, తర్వాత రెండో వైపు. చూడ్డానికి ఏముందిలే అనిపిస్తుంది. నడుం మీద సగం నీళ్ల స్టీలు గ్లాసు పెట్టుకుని చెయ్యమన్నారు. మొదటి వారమంతా మా హాలు తడిసింది, మా అమ్మాయి గుడ్డ పట్టుకుని పక్కనే రెడీగా కూర్చునేది. మోకాళ్లు మడిచి మోచేతి మీద చేసే సైడ్ ప్లాంక్ కూడా ఉంది, అది నాకిప్పటికీ ఇష్టం లేదు. ఒక్కోటీ ఆరు సార్లు, కాస్త ఆగి నాలుగు, మళ్లీ ఆగి రెండు, అంతే. ఇలా తగ్గించుకుంటూ రావడం కెనడా ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పే పద్ధతి.

దీనికేదో మహత్యం ఉందని మాత్రం చెప్పను. చాలాకాలంగా ఉన్న నొప్పికి మిగతా వ్యాయామాల కంటే ఇది పెద్దగా గొప్పదేం కాదనే పరిశోధనలు చెబుతున్నాయి, మానకుండా చేస్తే నడక కూడా మందే. నాకు ఇది కుదిరింది, ఎందుకంటే నా పనంతా ఎత్తడం, వంగడం. ఇంకో మాట కూడా ఆవిడే చెప్పారు: రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నీరు పీల్చి ఉబ్బుతాయి, అందుకే లేచిన మొదటి గంటలో బాగా వంగకూడదట. నేను పట్టేయించుకుంది సరిగ్గా ఆ గంటలోనే! ఇప్పుడు ముందు గట్టు చుట్టూ నడిచి, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రేలు చూసుకుని, ఆ తర్వాతే బస్తా దగ్గరికెళ్తాను.

కాలు చచ్చుబడినా, కూర్చునే భాగం (పిరుదులు, తొడల మధ్య) తిమ్మిరెక్కినా, ఒంటేలు మీద అదుపు తప్పినా వ్యాయామం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మొన్న సార్వా ఊడుపులయ్యాక మా పిన్ని నడుం పట్టుకుని వచ్చింది. గుర్రం వేషం చూపిస్తే "ఈ వయసులో నన్ను నేల మీద పాకమంటావేంట్రా" అని కోప్పడింది. సరే, మంచం పట్టె మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఒక్కో కాలు వెనక్కి చాపమన్నాను. చేస్తోంది. గ్లాసు మాత్రం పెట్టనివ్వడం లేదు.